ముప్పై ఆరు దీపాల సగటు

దీపాల పరీక్ష గదిలోకి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ముందుగా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ తర్వాత, ఈ కొలిమిలో ఎలా కూర్చుంటారండీ అని అడుగుతారు. లెక్కలమ్మాయికి ఆ వెలుగూ ఆ వేడీ ఏనాడో అలవాటైపోయాయి. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు తొంగి చూస్తున్నా ఆ ఫ్యాక్టరీలో అందరికీ ఆమె ఇంకా లెక్కలమ్మాయే. ఒకసారి పేరు పడితే అంతే, ఉద్యోగం మారినా పేరు మారదు.

ఓడల్లో, గనుల్లో, సిగ్నల్ స్తంభాల మీద వెలిగే దీపాలు అక్కడ తయారవుతాయి. అన్నిటికీ యంత్రాలొచ్చినా ఆ దీపాల్లో సన్నతీగ బిగించే పని మాత్రం ఇప్పటికీ ఆడవాళ్ళ చేతుల్లోనే ఉంది. ఒక్కొక్కరు వారమంతా కట్టిన దీపాల లాట్‌లోంచి ముప్పై ఆరు దీపాలు తీసి, వోల్టేజి పెంచి, ఆరిపోయేదాకా వెలిగించడం లెక్కలమ్మాయి పని. బయట నెలల తరబడి బతికే దీపం ఆ గదిలో రెండు రోజుల్లో ఆయుష్షు తీర్చుకుంటుంది. ప్రతి దీపం కిందా ఒక చిన్న మీటరు ఉంటుంది. దీపం ఆరగానే మీటరు ఆగిపోతుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఒక వరస మీటర్ల అంకెలు కూడి ముప్పై ఆరుతో భాగించింది. నలభై ఎనిమిది గంటలు. రావలసింది యాభై. కాగితం తిప్పి కిందినుంచి పైకి కూడింది. పై నుంచి కూడినా కింద నుంచి కూడినా నలభై ఎనిమిదే. అప్పుడు ట్రేకి కట్టిన చీటీ చూసింది. మొదటి బల్ల. తీగ పెద్దమ్మ.

ఆమె లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. కొత్త మేనేజరు వచ్చిన నెలలోనే హాలు గోడకు ఒక కాగితం అంటించాడు. ఎవరి లాట్ సగటు నలభై ఎనిమిదిన్నర గంటల కంటే తగ్గితే వాళ్ళను బల్ల మీంచి తీసేస్తారని అందులో ఉంది. ఆ కాగితం అంటించిన రోజు హాల్లో అందరూ దాని చుట్టూ మూగారు. పెద్దమ్మ ఒక్కతే దాన్ని దూరం నుంచి చూసి, "అక్షరాలు బావున్నాయి, గుండ్రంగా" అని పనిలో పడింది.

*

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. ఉన్న మాట సూటిగా అంటాడు, ఎదుటివాళ్ళు చెప్పింది చివరిదాకా వింటాడు. లెక్కలమ్మాయి కాగితం బల్ల మీద పెట్టగానే అంకె చూశాడు.

"నలభై ఎనిమిది. మనం గీసిన గీత కంటే అరగంట తక్కువ. ఇందులో మాట్లాడ్డానికేముంది మేడమ్?"

"ముప్పై ఆరు దీపాలతో మనిషిని తీసెయ్యకూడదు సార్."

"ఏం? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసుకుతామా? మెతుకు పట్టుకుంటే తెలియదూ?"

"అన్నానికైతే చాలు సార్. మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఉడుకుతాయి కాబట్టి. దీపాలు అలా కాదు. ఎంత మంచి చెయ్యి కట్టినా ఒకటి నలభై గంటలకే పోతుంది, పక్కది అరవై దాటుతుంది."

ఆమె పెన్ను అడిగి తీసుకుని కాగితం వెనక బోర్లించిన గంట లాంటి బొమ్మ గీసింది. నడిమి మీద యాభై అని వేసింది.

"ఒక్కో దీపం ఆ యాభైకి ఆరు గంటలు అటూ ఇటూ ఊగుతుంది. ముప్పై ఆరింటి సగటు అంత ఊగదు. ముప్పై ఆరుకి వర్గమూలం ఆరు. ఆరుని ఆరుతో భాగిస్తే ఒకటి. అంటే సగటు ఊగేది ఒక్క గంట. మీ గీత యాభైకి గంటన్నర కింద ఉంది. అంటే ఒకటిన్నర ఊపుల కింద, దాన్నే జెడ్ విలువ మైనస్ ఒకటిన్నర అంటాం. పట్టికలో చూస్తే వందకి ఆరేడు."

"ఏమిటి ఆరేడు?"

"చేతిలో ఏ లోపమూ లేని మనిషి లాట్ కూడా వందకి ఆరేడుసార్లు ఆ గీత కింద పడుతుంది సార్. ఊరికే, ఆ రోజు అలాంటి దీపాలు చేతికి రాబట్టి. మనకి పది బల్లలు, బల్లకి వారానికో లాట్. లెక్కేసుకోండి. మూడు వారాలకి ఇద్దరిని, ఏ పాపం ఎరగనివాళ్ళని, ఇంటికి పంపుతాం. ఏడాది తిరిగేసరికి హాల్లో ఖాళీ బల్లలే మిగుల్తాయి."

మేనేజరు బొమ్మను తన వైపు తిప్పుకున్నాడు.

"ఆవిడది మైనస్ ఒకటిన్నర కాదుగా. మైనస్ రెండు."

"అవును సార్. వందకి రెండు."

"తక్కువే."

"తక్కువే. అసలు లేకుండా పోలేదు."

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇదంతా ఆవిడ కోసం చెప్తున్నారా, లెక్క కోసం చెప్తున్నారా?"

లెక్కలమ్మాయి పెన్ను మూత పెట్టింది. "రెండిటి కోసమూ సార్."

అతను నవ్వాడు. ఆ జవాబు నచ్చినట్టే ఉంది. "అయితే దారి కూడా మీరే చెప్పండి."

"స్టాండుకి నాలుగు వరసలున్నాయి. నాలుగూ వెలిగిద్దాం. నూట నలభై నాలుగు దీపాలు. వర్గమూలం పన్నెండు. అప్పుడు సగటు ఊగేది అరగంటే. అదృష్టం దాక్కుందామన్నా చోటుండదు."

"గీత ఎక్కడ గీద్దాం?"

"నలభై తొమ్మిది."

"దాని కింద పడితే?"

"పడితే ఒప్పుకుంటాను సార్."

మేనేజరు లేచి హాల్లోకి వెళ్ళి, గోడ మీది కాగితం తనే పీకాడు. మర్నాడు దాని చోట కొత్తది వచ్చింది. మొదటిసారి ఎవరి లాట్ పడినా నాలుగు వరసల పరీక్ష అయ్యాకే ఏదైనా అని.

*

హాల్లో గ్యాసు మంటల సన్నటి చప్పుడు, కాలిన గాజు వాసన. లెక్కలమ్మాయి ఆ వాసన పీలిస్తే చాలు, పదిహేడేళ్ళ వయసుకి వెళ్ళిపోతుంది. అప్పుడు హాలంతా బల్లలే. మధ్యాహ్నం గంట కొడితే ముప్పైమంది ఆడవాళ్ళు వరండాలోకి ఒక్కసారి వచ్చేవారు. ఒకరి గిన్నెలో ఇంకొకరు చెయ్యి పెట్టేవారు. ఇప్పుడు పది బల్లలు తప్ప మిగతావన్నీ గుడ్డలు కప్పి ఉన్నాయి.

కిటికీ పక్క మొదటి బల్ల తీగ పెద్దమ్మది. ఆమె చేతిలో సన్న పట్టకారు, దాని కొసన వెంట్రుక కంటే పల్చటి తీగచుట్ట. దాని రెండు కొసలనూ రెండు కొక్కేలకు తగిలించి నొక్కాలి. బిగిస్తే తీగ సాగుతుంది, వదిలితే వాలుతుంది. ఎలా పోయినా ఒకచోట వేడెక్కి ముందే తెగుతుంది. ఆ బల్ల పక్కనే స్టూలు మీద లెక్కలమ్మాయిని కూర్చోబెట్టి, "ఊపిరి బిగబట్టు అమ్మాయ్. నీ ఊపిరి తగిలితే తీగ పారిపోతుంది" అని ఆమె నేర్పింది. సాయంత్రం కాలేజీలో చేరమని పోరు పెట్టిందీ ఆమే. పరీక్షలప్పుడు లెక్కలమ్మాయి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదువుకుంటుంటే, పెద్దమ్మ తన ట్రే నిండాక ఈమె ట్రే కూడా నింపేసేది.

ఇప్పుడు ఆ స్టూలు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చునే గలగల, నోరు మూస్తే చచ్చిపోతానేమో అన్నట్టు మాట్లాడే మనిషి, కూతురి పురుడికని నెలరోజులు సెలవు పెట్టింది. లెక్కలమ్మాయి ఆ స్టూలు మీద కూర్చుంది.

"నేను ఆరిపోయానటగా" అంది పెద్దమ్మ, తల ఎత్తకుండా.

"నువ్వు కాదు, శాంపిల్ పోయింది."

"అదెవరు?"

లెక్కలమ్మాయికి నవ్వొచ్చింది. గంట బొమ్మా, ఆరూ, ఒకటీ అన్నీ చెప్పింది. పెద్దమ్మ కొక్కెం మీద కొక్కెం నొక్కుతూ వింది.

"తాగినోడు ఒక్కడే నడిస్తే రోడ్డంతా వాడిదే. ముప్పై ఆరుమంది చేతులు పట్టుకు నడిస్తే ఒకడు ఇటు లాగితే ఇంకొకడు అటు లాగుతాడు. వరస అంత తూలదు. అంతేనా?"

"అంతే. ఇలా చెప్పే లెక్చరరుంటే నేను మొదటిసారే పాసయ్యేదాన్ని."

"మరి ముప్పై ఆరుమందీ ఒకే గోతిలోకి పోతుంటే?"

"అది వందకి రెండుసార్లే జరుగుతుంది పెద్దమ్మా. తాగి కాదు, ఊరికే. నీకు ఈసారి అది తగిలింది, అంతే. సోమవారం నాలుగు వరసలూ పెడతాను. అప్పుడు చూడు."

పెద్దమ్మ చేతిలో పట్టకారు ఆగింది. "నాలుగు వరసలెందుకమ్మాయ్? అన్ని దీపాలు తగలబెట్టడం దండగ కాదూ. ఇంకో వరస పెట్టి ఊరుకోకూడదూ?"

పొదుపు మనిషి కదా, గాజు దండగవుతుందని బాధ అనుకుంది లెక్కలమ్మాయి. "నీ కోసం కాకపోతే ఎవరి కోసం తగలబెడతారు?" అని భుజం తట్టి లేచింది.

*

సోమవారం పొద్దున్నే పెద్దమ్మ కట్టిన లాట్ ట్రేలన్నీ లెక్కలమ్మాయి పరీక్ష గదిలోకి తెప్పించింది. ఎన్నో వందల దీపాలు, అట్ట గళ్ళలో తలలు బయటపెట్టి కూర్చున్నాయి. అందులోంచి నూట నలభై నాలుగు తియ్యాలి. మొదటి దీపం తీసి అలవాటుగా కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. తీగచుట్ట గుండ్రాలు సమంగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. మంచి దీపం. రెండోది ఎత్తింది. ఎడమ కొస దగ్గర గుండ్రాలు రెండు కొంచెం ఎడంగా ఉన్నట్టున్నాయి. చెయ్యి దాన్ని వెనక్కి పెట్టి పక్కదాని మీదికి పోయింది.

అక్కడ ఆగిపోయింది.

మంచివి చూసి ఏరుకుంటే యాభై ఏం ఖర్మ, యాభై రెండైనా తెప్పించవచ్చు. గదిలో ఎవరూ లేరు. కొస దగ్గర గుండ్రాలు దూరమైతే తీగ అక్కడే ముందు తెగుతుందని ఆమెకు నేర్పింది కూడా పెద్దమ్మే. ఆ విద్య పెట్టి ఆమెనే కాపాడితే తప్పేముంది అని ఒక్క నిమిషం అనిపించింది. కానీ మేనేజరు ముందు బొమ్మ గీసింది తను. కాగితం పీకించింది తను. రేపు ఈ బల్లల్లో ఎవరి లాట్ పడినా ఈ లెక్కే వాళ్ళకు దిక్కు.

వెనక్కి పెట్టిన దీపాన్ని మళ్ళీ తీసి మొదటి హోల్డరులో పెట్టింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని ట్రేల మధ్య చెయ్యి ఎక్కడ పడితే అక్కడ తీస్తూ పోయింది. నాలుగు వరసలూ నిండేసరికి సాయంత్రమైంది. మీటర్లన్నీ సున్నాకి తిప్పి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, స్విచ్ పైకి నెట్టింది. గది ఒక్కసారిగా తెల్లబడింది.

మంగళవారం పొద్దున్న అన్నీ వెలుగుతున్నాయి. సాయంత్రానికి ఒక్కటి పోయింది. ఒకటి పోవడం మామూలే. బుధవారం పొద్దున్న తలుపు తీయగానే గది ఎప్పుడూ ఉండేంత వెలుగ్గా లేదు. లెక్కపెట్టకుండానే తెలిసింది. అయినా లెక్కపెట్టింది. మధ్యాహ్నం మళ్ళీ, టీ తాగకుండా, మళ్ళీ. ఆమె కళ్ళ ముందే ఒక దీపం గులాబీ రంగులోకి తిరిగి, టిక్కుమని ఆరింది. కింద మీటరు ఆగింది. దాని పక్కది ఇంకో నిమిషానికి.

గురువారం పొద్దున్నకి మూడే వెలుగుతున్నాయి.

మూడు దీపాల వెలుగులో కూర్చుని ఆగిపోయిన మీటర్లన్నీ కూడింది. వెలుగుతున్న మూడింటికీ ఇంకో రోజంతా ఆయుష్షు పోసి కలిపింది. ఏ దీపమూ అంతసేపు బతకదని ఆమెకు తెలుసు. అయినా పోసింది. భాగిస్తే నలభై ఎనిమిది చిల్లర. జెడ్ విలువ మైనస్ మూడు దాటింది. గోడ మీది పట్టికలో ఆ అట్టడుగు వరసలోకి ఆమె వేలు ఎప్పుడూ పోలేదు. పదివేలకి మూడు.

పదివేల లాట్లు కడితే మూడుసార్లు ఊరికే ఇలా జరగవచ్చు. ఇది ఆ మూడిట్లో ఒకటి అనుకోవాలంటే మనసుకి చాలా ప్రేమ కావాలి. ప్రేమ ఉంది కానీ, వేలు ఆ గడి మీదనే ఉంది.

*

హాల్లోకి వెళ్ళేసరికి పెద్దమ్మ బల్ల తుడుస్తోంది. పని మొదలుపెట్టలేదు. లెక్కలమ్మాయి పక్క స్టూలు మీద కూర్చుంది. పట్టకారు తీసి చేతిలో తిప్పింది.

"పోయాయా?" అంది పెద్దమ్మ.

"మూడున్నాయి."

"నలభై తొమ్మిది దాటదు కదూ."

"దాటదు."

పెద్దమ్మ గుడ్డను నాలుగు మడతలు పెట్టి బల్ల అంచున ఉంచింది. "అందుకే నాలుగు వరసలొద్దన్నాను. ఒక్క వరసైతే అదృష్టం కొద్దీ దాటేస్తానేమో అనుకున్నా. ఆశ చూడు, ఈ వయసులో."

లెక్కలమ్మాయి ఆమె ముఖంలోకి చూసింది.

"చూపు ఆనట్లేదమ్మాయ్. ఏడాదైంది సూదిలో దారం ఎక్కించి. ఇక్కడ కొక్కెం కనపడదు, వేలికి తగిలితే నొక్కుతాను. కొన్ని కుదురుతాయి, కొన్ని కుదరవు. గలగల ఉన్నన్నాళ్ళూ నా ట్రే తను ఒకసారి చూసి, వంకరవి సరిచేసి పెట్టేది. నోరు ఆగదనే కానీ ఈ ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు. అది పురుడికెళ్ళింది. నేను బయటపడ్డాను."

"నాకైనా చెప్పలేదేం?"

"నీకు చెప్తే నువ్వేం చేసేదానివి? కళ్ళు మూసుకునేదానివి. మన ఇద్దరిలో ఒకళ్ళకైనా చూపుండాలి కదా." తన మాటకి తనే చిన్నగా నవ్వింది.

లెక్కలమ్మాయి నవ్వలేదు. "మేనేజరుతో మాట్లాడతాను. ప్యాకింగ్‌లో చోటుంది. అక్కడ చూపుతో పనుండదు."

"వద్దు. దీపం కట్టిన చేత్తో అట్టపెట్టెలు మడవలేను. మా అక్క ఎప్పట్నుంచో రమ్మంటోంది. ఇద్దరం పోట్లాడుకుంటూ పడుంటాం." గుడ్డ మడత మళ్ళీ సరిచేసి, "ఆ దీపాలు గనుల్లోకి పోతాయి అమ్మాయ్. కింద ఎవడో దాన్ని నమ్ముకుని నడుస్తాడు. రోజూ పడుకోబోయే ముందు అదే గుర్తొచ్చేది. నువ్వు లెక్క ఉన్నదున్నట్టు రాసేయి. నాకూ నిద్రపడుతుంది" అంది.

హాల్లో మిగతా బల్లల దగ్గర తొమ్మిదిమంది తలలు వంచుకుని పని చేస్తున్నారు. కొత్త కాగితం గోడ మీద ఉంది. దాని పుణ్యమా అని వాళ్ళలో ఎవరికీ ఊరికే పోయే భయం లేదు. ఆ భయం తీర్చిన లెక్కే పెద్దమ్మని పట్టించింది. రెండూ ఒకే కలంతో, ఒకే బొమ్మ మీద జరిగాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో లెక్కలమ్మాయికి తోచలేదు.

"ఒక్కటి అడగనా?" అంది పెద్దమ్మ. "ఇన్నేళ్ళూ కట్టి పంపడమే కానీ నేను కట్టినవి వెలుగుతుంటే ఎన్నడూ చూడలేదు. లోపలికి రానిచ్చేవారు కాదుగా. ఆ మూడూ ఉన్నాయన్నావు."

*

నల్ల కళ్ళద్దాలు ఇవ్వబోతే పెద్దమ్మ వద్దంది. "నాకు పొగమంచే కదా, అందులో మళ్ళీ చీకటెందుకు?"

లెక్కలమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్టాండుకి ఎదురుగా కుర్చీ వేసింది. ఆరిపోయిన వరసల మధ్య మూడు దీపాలు, ఒకదానికొకటి దూరదూరంగా ఉన్నాయి. పెద్దమ్మ తల కొంచెం పక్కకి వంచి, వాటి వేడి బుగ్గ మీద తగిలేలా పెట్టుకుంది. పక్కన నేల మీద లెక్కలమ్మాయి కూర్చుంది. అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో. మోకాళ్ళు మడిచి గడ్డం ఆనించుకుంటే, వరండాలో గిన్నెల చప్పుడూ, అందరికంటే పెద్దగా వినిపించే గలగల నవ్వూ, పుస్తకం మూసి ముందు తినమని పెద్దమ్మ కసురుకోవడమూ ఎక్కడో పక్క గదిలోంచి వస్తున్నట్టే అనిపించింది.

ఒక దీపం టిక్కుమంది. పెద్దమ్మ ఉలిక్కిపడి, "ఇదా ఆ చప్పుడు. ఇంత చిన్నదా" అంది.

రెండోది కూడా కాసేపటికి పోయింది. మూడోది, పై వరసలో చివరిది, వెలుగుతూనే ఉంది. మేనేజరు తలుపు దగ్గరికి వచ్చి, కుర్చీలో ఎవరున్నారో చూసి, తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం గంట ఇంకా కొట్టలేదు.

ఆ దీపం ముందు పసుపుపచ్చగా తిరిగింది. తర్వాత ఎర్రగా. టిక్కుమంది. గదిలో వెంటిలేటరు నుంచి వచ్చే మామూలు పగటి వెలుతురు మిగిలింది.

"ఎంత?" అంది పెద్దమ్మ.

లెక్కలమ్మాయి లేచి మీటరు దగ్గరికి వంగింది. "అరవై ఆరు గంటలు."

"అరవై ఆరా?"

"అంత బతికింది ఈ ఏడాది మొత్తంలో ఏ బల్ల నుంచీ రాలేదు పెద్దమ్మా."

పెద్దమ్మ కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచింది. చెయ్యి గాలిలో వెతుక్కుంటే లెక్కలమ్మాయి అందుకుంది. ఆ వేళ్ళు గరుగ్గా, కొసల్లో పట్టకారు నొక్కులతో, వెచ్చగా ఉన్నాయి.

"గలగల చెయ్యి పడలేదు దీని మీద. చెడ్డవన్నీ నావైతే ఇదీ నాదే" అంది. తలుపు దాకా నడిచి ఆగింది. "నువ్వెలాగూ దీన్ని తీసుకెళ్ళి మిగతా అన్నిట్లో కలిపేస్తావు. కలిపేసే ముందు ఒక్కసారి విడిగా రాయమ్మాయ్."

లెక్కలమ్మాయి ఆమెను గేటు దాకా దిగబెట్టి వచ్చి, కాగితం తెరిచి, పైన ఖాళీగా ఉన్న చోట 66 అని రాసింది. దాన్ని కొంతసేపు చూసి, అప్పుడు కూడిక మొదలుపెట్టింది.